శ్రీకాకుళంలో ఆన్‌లైన్ టీమ్ గేమ్‌కి మ్యాచ్ దొరకడం ఆలస్యమైతే అది నెట్ స్లో వల్లేనా?

కాదు, చాలాసార్లు అసలు కారణం ఆ గేమ్ ఆడేవాళ్లు తగ్గిపోవడమే. ఒక్కో జట్టుకు 5 మంది ఉండే వాలరెంట్‌లాంటి ఆటలో ఒక్క మ్యాచ్‌కి 10 మంది కావాలి. ఎవరో 10 మంది చాలరు. ఒకే సర్వర్‌లో (ఆటను నడిపే కంప్యూటర్‌లో), ఒకే మోడ్‌లో, దగ్గరదగ్గర ర్యాంకుతో, అదే నిమిషంలో ఆటకు సిద్ధంగా ఉన్నవాళ్లు దొరకాలి.

దొరక్కపోతే గేమ్ మిమ్మల్ని కూర్చోబెడుతుంది, లేదా ర్యాంకు తేడాని పట్టించుకోవడం తగ్గిస్తుంది. చిక్కంతా ఈ రెండో దాంతోనే. కొత్తవాళ్లు ఆరితేరినవాళ్ల చేతిలో వరసగా ఓడి, విసుగెత్తి మానేస్తారు. జనం ఇంకా తగ్గుతారు, మిగిలినవాళ్లకు మ్యాచ్ దొరకడం మరింత కష్టమవుతుంది.

ఉదాహరణకు, విజయనగరంలో ఒక కుర్రాడు రాత్రి 2 గంటలకు ఆడదామని కూర్చున్నాడనుకోండి. ముంబై సర్వర్‌లో తన ర్యాంకువాళ్లు లేకపోతే ఆగాలి, లేదా సింగపూర్ ఎంచుకుని ఎక్కువ పింగ్ (సర్వర్‌కి సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) భరించాలి.

ఫైబర్ కనెక్షన్ పెట్టిస్తే ఇది పోతుందని చాలామంది అనుకుంటారు. ఆటలో ల్యాగ్ (ఆలస్యంగా స్పందించడం) తగ్గుతుందేమో గానీ, క్యూలో మనుషులు పెరగరు. మ్యాచ్ టక్కున దొరికినా మురిసిపోనక్కర్లేదు, కొన్ని గేమ్‌లు ఖాళీలను బాట్‌లతో, అంటే మనుషుల బదులు ఆడే ప్రోగ్రామ్‌లతో నింపేస్తాయి.