పందిరి మంచం కోసం ఆరు లక్షల అప్పా?

ప్రశ్న: మాది కావలి. నాన్నగారు పోయాక పాత ఇల్లు అమ్మేస్తున్నాం. బర్మా టేకు పందిరి మంచం, భోషాణం, ఇత్తడి గంగాళాలు ఉన్నాయి. విదేశీ వేలాల ధరలు ఇంటర్నెట్‌లో చూస్తే అన్నీ కలిపి తొమ్మిది లక్షలు చేస్తాయనిపిస్తోంది. తమిళనాడులోని కారైకుడి నుంచి పాత వస్తువుల వ్యాపారి ఒకడు మంచానికీ భోషాణానికీ 90,000 ఇస్తానన్నాడు. అన్నయ్యకూ చెల్లెలికీ చెరో మూడు లక్షలు ఇచ్చి, అన్నీ నేనే తీసుకుని నిదానంగా అమ్ముకోవాలని ఉంది. రెండు రూపాయల వడ్డీకి అప్పు దొరుకుతోంది. జీతం 42,000, ఖర్చు 34,000. బ్యాంకులో 35,000 ఉన్నాయి. అమ్మ నా దగ్గరే ఉంటుంది. అప్పు తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆరు లక్షలకు నెల వడ్డీయే 12,000. మీకు నెలకు మిగిలేది 8,000. మంచం అమ్ముడుపోయేదాకా వడ్డీ కట్టడానికి మరో అప్పు చేస్తారా?

ఆస్తి పంచుకునే ఇళ్లలో ఈ పొరపాటు మళ్లీ మళ్లీ చూస్తున్నాను. ఎవరూ చేతిలో పెట్టని ధరను తమ లెక్కలో రాసేసుకుంటారు. పాత సామాన్లవాడు గంగాళాన్ని తూకం వేస్తాడు, దానిమీద చెక్కిన మీ తాతగారి పేరుకు అతను పైసా కట్టడు. మీ చెల్లెలికి ఆ పేరే ముఖ్యం కావచ్చు, అడిగి చూడండి. కారైకుడి వ్యాపారి రవాణా, మరమ్మతు, కొనేవాడు దొరికేదాకా సరుకు పడి ఉండే కాలం అన్నీ తీసేసి ధర చెబుతాడు. అతను మోసం చేస్తున్నాడని అనుకోకండి. పాతవి సేకరించేవారు ఎక్కువ ఇవ్వవచ్చు గానీ, వాళ్లు ఎప్పుడొస్తారో ఎవరు చెప్పగలరు? అన్నట్టు, మంచానికి కొత్తగా వార్నిష్ వేయించకండి. అలాంటివారు పాత మెరుగునే చూస్తారు.

ఇక విదేశీ వేలం ధర. వంద ఏళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 నాటి చట్టం నిషేధించింది. మీ మంచం అంత పాతదే అయితే, ఆ ధర మీకు ఎలాగూ అందదు.

నన్ను కలవరపెట్టేది మంచం కాదు, ఆ 35,000. అది మీ ఇంటికి ఒక్క నెల ఖర్చు. అమ్మగారికి రేపు ఆస్పత్రి అవసరం వస్తే భోషాణం తలుపు తీసి ఏం చూపిస్తారు? ఆరు నెలల ఖర్చు, అంటే 2,04,000, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే చోట ఉండాలి. అది పోగయ్యేదాకా ఏ పాత వస్తువు మీదా, ఏ కొత్త పథకం మీదా రూపాయి పెట్టకండి. బంగారం తాకట్టు పెడితే వడ్డీ తగ్గుతుందే తప్ప మంచం త్వరగా అమ్ముడుపోదు.

ఇంకో ఇద్దరు వ్యాపారులకు చూపించి, ఎక్కువ ఇచ్చినవారికి అమ్మేయండి. 90,000 వచ్చినా మీ వాటా 30,000. దాన్ని బ్యాంకులో వేసి, నెలనెలా ఆ 8,000 కలిపితే సుమారు ఏడాదిన్నరలో నిధి నిండుతుంది. చెల్లెలు కోరితే పేరున్న గంగాళం ఆమెకే ఇవ్వండి. వడ్డీకి ఇస్తానన్నవారికి మాత్రం ఈ రోజే ఫోను చేసి వద్దని చెప్పండి.