వెదురు టోపీ పార్టీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో బర్మా (ఇప్పటి మయన్మార్) గురించి రాస్తూ, అక్కడి ఎన్‌ఎల్‌డీని (నేషనల్ లీగ్ ఫర్ డెమోక్రసీ) ఆంగ్ సాన్ సూకీ పార్టీ అని మాత్రమే అనుకుంటే సగం కథ తెలియకుండా పోతుందని అన్నాను. దానిమీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచే. అటువైపు ‘మా తాత రంగం (రంగూన్, ఇప్పటి యాంగోన్) వెళ్లాడు’ అని చెప్పుకునే ఇళ్లకు లెక్కలేదు. మా అత్తగారి పుట్టిల్లూ అలాంటిదే. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం ఈ విషయానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది విశాఖలో బర్మా క్యాంప్ దగ్గర. మా పెద్దవాళ్లు రంగూన్ నుంచి వచ్చేసినవాళ్లే. అయినా సూకీ పేరు తప్ప ఆ పార్టీ గురించి మాకేమీ తెలియదు. అసలు అది ఎవరి పార్టీ? ఏం చేస్తామని చెప్పింది?
– ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: బర్మా సైన్యాధిపతి నే విన్ 1962లో సైనిక కుట్రతో అధికారంలోకి వచ్చాడు. మీ పెద్దవాళ్లు దుకాణాలు, ఉద్యోగాలు వదులుకుని ఓడెక్కింది బహుశా ఆ కాలంలోనే అయ్యుంటుంది. సోషలిజం పేరు చెప్పి ఆ ప్రభుత్వం దేశాన్ని దివాలా తీయించింది. 1987 సెప్టెంబర్‌లో 25, 35, 75 క్యాట్ల నోట్లు ఇక చెల్లవని ప్రకటించి, మార్చుకునే వీలు కూడా ఇవ్వలేదు. బీరువాలో దాచుకున్న డబ్బు ఒక్కరోజులో చిత్తుకాగితమైంది. మరుసటి ఏడాది ఆగస్టు 8న విద్యార్థుల పిలుపుతో దేశమంతా రోడ్డెక్కడానికి ఆ కోపం కూడా ఒక కారణం. సైన్యం కాల్పులు జరిపింది. సెప్టెంబర్ 18న అధికారం నేరుగా తన చేతుల్లోకి తీసుకుని, ఎన్నికలు పెడతామని కూడా చెప్పింది. సెప్టెంబర్ 27న నేషనల్ లీగ్ ఫర్ డెమోక్రసీ పుట్టింది.

ఎవరి పార్టీ అని అడిగారు. మొదటి అధ్యక్షుడు ఆంగ్ జీ, ఒకప్పుడు నే విన్‌కు కుడిభుజంగా ఉన్న సైనికాధికారి. ఉపాధ్యక్షుడు టిన్ ఊ, 1976లో పదవి పోగొట్టుకుని జైలుకెళ్లిన మాజీ సైన్యాధిపతి. ప్రధాన కార్యదర్శి సూకీ. వాళ్ల పక్కన విన్ టిన్ అనే సీనియర్ జర్నలిస్టు, ఇంకా లాయర్లు, రచయితలు, విద్యార్థులు, వామపక్షాల వాళ్లు. వీళ్లందరికీ ఒకరంటే ఒకరికి పూర్తి నమ్మకం ఉందని చెప్పలేం. ఆంగ్ జీ అయితే పార్టీలో కమ్యూనిస్టులు చేరారంటూ డిసెంబర్‌లోనే బయటికి వెళ్లిపోయాడు. వీళ్లను కలిపి ఉంచింది ఒకే కోరిక: సైన్యం బ్యారక్‌లకు తిరిగి వెళ్లాలి, ప్రజలు ఎన్నుకున్నవాళ్లు పాలించాలి.

కార్యక్రమం కూడా దాని చుట్టూనే ఉండేది. బహుళపార్టీ ప్రజాస్వామ్యం, మానవహక్కులు, ఎవరికీ లొంగని కోర్టులు, పౌర ప్రభుత్వం మాట వినే సైన్యం, ప్రభుత్వ గుత్తాధిపత్యం లేని ఆర్థిక వ్యవస్థ, వీటన్నిటికీ అహింసా మార్గం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ పార్టీ సైన్యానికి శత్రువుగా పుట్టలేదు. సూకీ తండ్రి ఆంగ్ సానే ఆ సైన్యానికి పునాది వేసినవాడు. 1988 ఆగస్టు 26న ష్వేడగాన్ పగోడా దగ్గర లక్షల మంది ముందు ఇది రెండో స్వాతంత్ర్య పోరాటమని చెప్పిన ప్రసంగంలోనే, సైన్యం మీద తనకు అభిమానం ఉందని కూడా ఆవిడ అన్నారు. సైన్యాన్ని ద్వేషించకుండా దాని పాలనను ఎదిరించాలన్న ఈ పట్టుదల పార్టీకి బలమూ అయింది, తర్వాత చాలా నష్టమూ చేసింది.

ప్రచారం ఎలా చేశారో కూడా చెబుతాను. ఐదుగురికి మించి గుమిగూడకూడదని ఉత్తర్వు. 1989 జులైలో సూకీని, టిన్ ఊని గృహనిర్బంధంలో పెట్టారు, విన్ టిన్‌ని జైల్లో వేశారు. నాయకులు లేరు, పెద్ద సభలు లేవు. పార్టీకి వచ్చిన ఎన్నికల గుర్తు మాత్రం ఖమౌక్, అంటే మన వైపు వానలో నాట్లు వేసేవాళ్లు పెట్టుకునే గిడుగులాంటి వెదురు టోపీ. ప్రతి రైతు ఇంట్లో గోడకి వేలాడే వస్తువు. దాన్ని పెట్టుకుని బజారుకు వెళ్తే ప్రచారమే, అలాగని టోపీ పెట్టుకున్నందుకు ఎంతమందిని పట్టుకుపోతారు? 1990 మే 27న పోలింగ్ జరిగితే 485 స్థానాల్లో 392 ఎన్‌ఎల్‌డీకి వచ్చాయి. సైన్యం వెనకుండి నడిపించిన పార్టీకి వచ్చినవి 10.

ప్రశ్న: అన్ని సీట్లు గెలిచాక కూడా అధికారం ఇవ్వకపోతే ఆ పార్టీ ఇరవై ఏళ్లు ఏం చేసింది? చేతులు ముడుచుకుని కూర్చుందా?
– డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: లేదమ్మా. గెలిచినవాళ్లు 1990 జులై చివర్లో రంగూన్‌లోని గాంధీ హాల్లో సమావేశమై, సెప్టెంబర్‌లోగా పార్లమెంటు పిలవమని తీర్మానం చేశారు. సైన్యం వినలేదు. ముందు రాజ్యాంగం రాయాలి అంది. ఎన్నికైనవాళ్లను జైళ్లలో వేసింది. కొందరు సరిహద్దు అడవులకు వెళ్లి ప్రవాస ప్రభుత్వం పెట్టారు.

1995 జులైలో సూకీని వదిలాక జరిగింది నాకు చాలా ఇష్టమైన సంగతి. యూనివర్సిటీ అవెన్యూలో ఆవిడ ఇంటి గేటుకు ఒక ఉత్తరాల పెట్టె ఉండేది. జనం ప్రశ్నలు రాసి అందులో వేసేవాళ్లు. శని, ఆదివారాల్లో ఆవిడ గేటు వెనక ఎత్తు మీద నిలబడి, ఆ ఉత్తరాలు చదివి జవాబులు చెప్పేవారు. బయట రోడ్డు మీద జనం కూర్చుని వినేవాళ్లు. ఐదుగురి ఉత్తర్వున్న దేశంలో వందలమంది అలా బహిరంగంగా కూర్చోవడమే పెద్ద సాహసం. ప్రశ్నలు రాజకీయాల గురించే కాదు, చదువుల గురించి, ధరల గురించి కూడా వచ్చేవి. పాలించేవాళ్లను ప్రశ్న అడగొచ్చు, జవాబు రాబట్టొచ్చు అన్న అలవాటు ఆ గేటు దగ్గర నేర్పారు. పార్టీ మేనిఫెస్టోలో ఏ పేజీ కన్నా నేను దీన్నే ముందు పెడతాను. 1996 చివరికల్లా ఆ రోడ్డును బ్యారికేడ్లతో మూసేశారు.

తర్వాత రోజులు ఇంకా కష్టం. ఫలానా ఊళ్లో ఇంతమంది ‘స్వచ్ఛందంగా’ పార్టీకి రాజీనామా చేశారంటూ ప్రభుత్వ పత్రికలో వార్తలు వచ్చేవి. ఆ రాజీనామాల వెనక ఉద్యోగం పోతుందన్న బెదిరింపో, పిల్లల చదువు ఆగిపోతుందన్న భయమో ఉండేది. ఊళ్లలో పార్టీ ఆఫీసులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2003 మే 30న డెపయిన్ అనే ఊరి దగ్గర సూకీ వాహనాల మీద మూకదాడి జరిగింది, చాలామంది చనిపోయారు.

విన్ టిన్ గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. 19 ఏళ్లు జైల్లో ఉన్నాడాయన. కాగితం, కలం ఇవ్వకపోతే ఇటుక పొడిని నీళ్లలో కలిపి సిరా చేసుకుని గది గోడ మీద కవితలు రాసుకున్నాడు. 2008 సెప్టెంబర్‌లో విడుదల చేసినప్పుడు జైలు నీలం చొక్కా తిరిగివ్వనన్నాడు. రాజకీయ ఖైదీలందరూ బయటికి వచ్చేదాకా ఆ రంగే తొడుగుతానన్నాడు. 2014 ఏప్రిల్‌లో చనిపోయేదాకా తొడిగాడు. పార్టీలో ఉంటూనే సూకీని మొహం మీదే విమర్శించేవాడు. మాలో కొందరికి సైన్యాన్ని బంగాళాఖాతంలోకి తోసేయాలని ఉంటుంది, ఆవిడకి మాత్రం ఊళ్లోని కందవజీ చెరువులోకి తోస్తే చాలు అని ఒక విలేకరితో అన్నాడు. పోయిన నెల నేను సగం కథ పోతుందన్నది ఇలాంటివాళ్ల గురించే.

ప్రశ్న: 2010 ఎన్నికల్లో పోటీ చేయకుండా పార్టీనే రద్దు చేయించుకున్నారు. రెండేళ్లకే మళ్లీ పోటీ చేశారు. ఇదేం నిలకడ మేడమ్?
– రిటైర్డ్ ఉద్యోగి, ఖమ్మం

జవాబు: నా లెక్కలో ఆ రెండు నిర్ణయాలూ సరైనవే. 2010లో వచ్చిన చట్టం ప్రకారం పార్టీ రిజిస్టర్ కావాలంటే శిక్ష పడిన సభ్యులను బయటికి పంపాలి, 2008 రాజ్యాంగాన్ని కాపాడతామని రాసివ్వాలి. పార్లమెంటులో నాలుగో వంతు సీట్లు సైన్యానికి రాసిచ్చిన రాజ్యాంగం అది. దాన్ని సవరించాలంటే 75 శాతానికి మించి ఓట్లు కావాలి, అంటే సైన్యం ఒప్పుకోకుండా అక్షరం కూడా కదలదు. జైల్లో ఉన్న తోటివాళ్ల పేర్లు కొట్టేసి ఆ కాగితం మీద సంతకం పెట్టుంటే ఆ పార్టీలో ఏం మిగిలేది? మార్చి 29న ప్రతినిధులు సమావేశమై వద్దన్నారు. పోటీ చేయాలనుకున్నవాళ్లు విడిపోయి వేరే పార్టీ పెట్టుకున్నారు.

2011 చివర్లో ఆ రెండు షరతులనూ ప్రభుత్వం సడలించింది. ‘కాపాడతాం’ పోయి ‘గౌరవిస్తాం’ వచ్చింది. అప్పుడు రిజిస్టరై, 2012 ఏప్రిల్ 1 ఉపఎన్నికల్లో 44 చోట్ల నిలబడి 43 గెలిచారు. ఉద్యోగులు, సైనిక కుటుంబాలు ఎక్కువగా ఉండే రాజధాని నేపిడాలో కూడా గెలిచారు. ఆ నవంబర్‌లోనే సూకీ మన దేశం వచ్చి, అనంతపురం జిల్లాలో ఒక పల్లెకు వెళ్లి పొదుపు సంఘాల మహిళలతో మాట్లాడి వెళ్లారు. అధికారం వస్తే పల్లెల్లో ఏం చేయాలో నేర్చుకుంటున్న రోజులవి.

ప్రశ్న: బాలాపూర్‌లో మా ఇంటికి దగ్గర్లో రోహింగ్యా కుటుంబాలు గుడిసెల్లో ఉంటున్నాయి. ప్రజాస్వామ్యం కోసం అంత పోరాడిన పార్టీ వాళ్ల విషయంలో ఎందుకలా చేసింది?
– గృహిణి, హైదరాబాద్

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నమస్కారం. ఆ పార్టీ అంటే నాకున్న గౌరవాన్ని ఇది ఇప్పటికీ కలచివేస్తుంది.

2015 నవంబర్‌లో ఎన్‌ఎల్‌డీ భారీగా గెలిచింది. కానీ ఆ ఎన్నికల్లో ఒక్క ముస్లింకి కూడా టికెట్ ఇవ్వలేదు. బౌద్ధ ఛాందసుల ప్రచారానికి భయపడ్డారు. 2017 ఆగస్టు తర్వాత సైన్యం రఖైన్ రాష్ట్రంలో రోహింగ్యా ముస్లింల ఊళ్లు తగలబెడితే 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ పారిపోయారు. సైన్యం, పోలీసు, సరిహద్దు శాఖలు సైన్యాధిపతి చేతుల్లోనే ఉన్నాయి, ప్రభుత్వం ఆపగలిగేది కాదు అనేది నిజమే. ఖండించగలిగేది కదా. అది చేయకపోగా 2019 డిసెంబర్‌లో సూకీ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి స్వయంగా వెళ్లి దేశం తరఫున వాదించారు.

దీని మూలం మొదటి జవాబులోనే ఉంది. సైన్యాన్ని పంపించేయాలి అన్న ఒక్క మాట మీద అందరూ కలిశారు. పంపించాక ఈ దేశం ఎవరిది, కరెన్, కచిన్, షాన్, రఖైన్, రోహింగ్యా జాతులకు అందులో చోటెంత అన్నది తేల్చకుండా వాయిదా వేస్తూ వచ్చారు. ఫెడరలిజం, అంటే రాష్ట్రాలకు అధికారం పంచడం, మేనిఫెస్టోలో ఉంది. పార్టీని నడిపే పైవరసలో మాత్రం దేశంలో ఎక్కువమంది ఉన్న బర్మన్ జాతి బౌద్ధులదే మాట.

అందరూ అలా లేరు. పార్టీ న్యాయ సలహాదారు కో నీ ముస్లిం. సూకీని అధ్యక్ష పదవికి రాజ్యాంగం అడ్డుకుంటే, స్టేట్ కౌన్సిలర్ అనే ప్రధానిలాంటి పదవిని సృష్టించడంలో ఆయనదే పెద్ద పాత్ర. రాజ్యాంగాన్నే కొత్తగా రాయాలనేవాడు. 2017 జనవరి 29న యాంగోన్ విమానాశ్రయం బయట మనవణ్ణి ఎత్తుకుని నిలబడి ఉండగా వెనకనుంచి కాల్చి చంపారు. హంతకుణ్ణి వెంటపడి పట్టుకోబోయిన ఒక టాక్సీ డ్రైవర్‌ని కూడా చంపేశారు.

ప్రశ్న: మా ఆఫీసులో బర్మా అమ్మాయి ఉంది. ఎన్‌ఎల్‌డీ ఇప్పుడుందా అని అడిగితే మాట మార్చేస్తుంది. ఉందా, లేదా?
– ఒక పాఠకురాలు, సింగపూర్

జవాబు: ముందు, ఆ అమ్మాయిని మళ్లీ అడగకండి. ఊళ్లో అమ్మానాన్నలు ఉండుంటారు. ఇక్కడ అన్న మాటకు అక్కడ వాళ్లు ఇబ్బంది పడతారన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది.

2020 నవంబర్ ఎన్నికల్లో 476 స్థానాల్లో 396 ఎన్‌ఎల్‌డీ గెలిచింది. 2021 ఫిబ్రవరి 1న, కొత్త పార్లమెంటు కూర్చోవాల్సిన రోజున, సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. సూకీకి కేసు మీద కేసు పెట్టి మొత్తం 33 ఏళ్లు శిక్ష వేశారు, తర్వాత 27కి తగ్గించారు. నేపిడాలో 2012లో గెలిచినవాళ్లలో ఒకడైన జేయా థా, హిప్‌హాప్ పాటలతో పేరు తెచ్చుకున్నవాడు, 2022 జులైలో ఇంకో ముగ్గురితో పాటు ఉరిశిక్షకు గురయ్యాడు. 2023లో మళ్లీ కొత్త రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చి 60 రోజుల గడువు పెట్టారు. ఎన్‌ఎల్‌డీ ఈసారీ సంతకం పెట్టలేదు. మార్చి 28న ఎన్నికల సంఘం దాన్ని రద్దు చేసింది. 2025 డిసెంబర్ 28న మొదలైన ఎన్నికల బ్యాలెట్‌లో ఆ పార్టీ పేరు లేదు.

కాబట్టి చట్టం ప్రకారం లేదు. మనుషులుగా మూడు చోట్ల ఉంది: జైళ్లలో, విదేశాల్లో, సైన్యానికి పోటీగా ఏర్పడిన జాతీయ ఐక్యతా ప్రభుత్వం పేరుతో పోరాడుతున్నవాళ్లలో. ఈ మూడో దాంట్లో ఎన్‌ఎల్‌డీ వాళ్లతో పాటు కరెన్, కచిన్, చిన్ ప్రతినిధులున్నారు. అహింసను చాలామంది పక్కన పెట్టి తుపాకులు పట్టారు. ఆ దారి నాకు భయం కలిగిస్తుంది, కానీ ఇంటిమీద విమానం బాంబు వేస్తుంటే వాళ్లను తప్పుపట్టే మనసు నాకు రాదు. 2008 రాజ్యాంగం చెల్లదని, ఫెడరల్ ప్రజాస్వామ్యమే లక్ష్యమని 2021 మార్చి 31న, ఈ ప్రభుత్వం ఏర్పడక ముందే, ఎన్నికైన ఎంపీల కమిటీ ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో ఐక్యతా ప్రభుత్వం రోహింగ్యాలను ఆ పేరుతోనే పిలిచి, వాళ్లకు పౌరసత్వం లేకుండా చేసిన 1982 చట్టాన్ని తీసేస్తామని హామీ ఇచ్చింది. కో నీ బతికున్నప్పుడే ఆ మాట పార్టీ నోటివెంట వచ్చి ఉండాల్సింది. ఆలస్యంగానైనా వచ్చింది, బాలాపూర్ పాఠకురాలికి ఈ సంగతి కూడా తెలియాలి.