కాలిఫోర్నియాలో మా పెరట్లో రాత్రిపూట పునుగుపిల్లి లాంటిది ముందరికాళ్ళ మీద తలకిందులుగా నిలబడి మా కుక్క మీద కంపు చిమ్మింది. అదేమిటి, కంపు పోయేదెలా?

పునుగుపిల్లి కాదు, అది స్కంకు అనే కంపు చిమ్మే చిన్న జంతువు. తిరుమలలో వాడే పునుగు తైలం జంతువుది వేరే కుటుంబం. స్కంకులు మన దేశంలోనే లేవు. అయితే అమెరికాలో పాతతరం వాళ్ళు కూడా దీన్ని 'సివెట్ క్యాట్' అనేవారు, కాబట్టి మీరొక్కరే పొరబడలేదు. తలకిందులుగా నిలబడిందంటే మచ్చల స్కంకే. కిలో కూడా తూగదు, చెట్లు మాత్రం చకచకా ఎక్కేస్తుంది.

ఇది మొదట ముందరికాళ్ళతో నేల మీద టపటపా కొడుతుంది. అయినా ఎదుటిది తగ్గకపోతే వెనక భాగం గాల్లోకి లేపి, తోక కుచ్చులా విప్పి, ముందరికాళ్ళ మీదే నాలుగడుగులు వేస్తుంది. ఇంతవరకూ హెచ్చరికే. కుక్కకి ఆ మాత్రం అర్థమైతేనా! వాసన చూద్దామని ఇంకా దగ్గరికి పోతుంది. అప్పుడది సాధారణంగా కిందికి దిగి, మొహమూ వెనక భాగమూ రెండూ శత్రువు వైపే ఉండేలా ఒళ్ళు గుర్రపునాడాలా వంచి గురిచూసి కొడుతుంది. మలద్వారానికి ఇరుపక్కలా ఒక్కో గ్రంథి, ఒక్కోదానికి ఒక్కో చిమ్మెన. ఖాళీ అయితే మళ్ళీ నిండడానికి రోజులు పడుతుంది, అందుకే అంత పొదుపు.

టమాటా రసం పోయమని వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా చెబుతూనే ఉన్నారు. దాంతో పోయేది కంపు కాదు, టమాటాలు. అలవాటుపడిన ముక్కుకి తగ్గినట్టు అనిపిస్తుంది, అంతే. ఆ కంపు గంధకం ఉండే థయాల్స్‌ది, దాన్ని ఆక్సీకరణంతోనే విరవాలి. 1993లో పాల్ క్రెబామ్ అనే రసాయన శాస్త్రవేత్త మిశ్రమం వెలుగులోకి వచ్చింది: 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 950 మి.లీ., బేకింగ్ సోడా (బేకింగ్ పౌడర్ కాదు) పావు కప్పు, గిన్నెలు తోమే ద్రవసబ్బు ఒక చెంచా. ముందుగా నీళ్ళు పోయకండి, స్కంకు చిమ్మిన నూనె ఒళ్ళంతా పాకుతుంది. పొడి బొచ్చుకే పట్టించి, 5 నిమిషాలుంచి కడగండి. కళ్ళలో పడనివ్వకండి. మిగిలింది సీసాలో మూతపెట్టి దాచారో, వాయువు పుట్టి సీసా పగులుతుంది. నల్ల బొచ్చయితే కాస్త వెలిసిపోవచ్చు.

తడిసినప్పుడల్లా కంపు మళ్ళీ లేవడం మరో రకమైన చారల స్కంకు బెడద. దాని ద్రవంలోని థయోఅసిటేట్లు అనే పదార్థాలు నీళ్ళు తగిలితే థయాల్స్‌గా మారతాయి. మచ్చలదాంట్లో అవి లేవు.

డెక్ (ఇంటికి ఆనించిన చెక్క అరుగు) కింద కాపురం పెట్టిందేమో చూడండి. పడమటి మచ్చల స్కంకు సెప్టెంబరులో జతకట్టినా పిండం నెలల తరబడి ఎదగకుండా ఆగి, ఏప్రిల్, మేలో పిల్లలు పుడతాయి. కాబట్టి ఆగస్టు దాకా కన్నం మూయకండి, పిల్లలు లోపలే చస్తాయి. తర్వాత కన్నం ముందు పిండి చల్లి, చీకటిపడ్డాక అడుగులు బయటికి పోయి తిరిగి రాలేదని చూసుకుని మూసెయ్యండి.

కుక్క ఒంటి మీద గాటు కనిపిస్తే కంపు సంగతి తర్వాత, ముందు రేబీస్ గురించి పశువుల డాక్టరుకి ఫోన్ చెయ్యండి.