స్కాట్లాండ్ ఓట్ల లెక్క చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: నేను గుంటూరులో ఎం.ఏ. రాజనీతి శాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీలో గణితం, గణాంక శాస్త్రం చదివాను. మా పెదనాన్నగారి అబ్బాయి గ్లాస్గోలో ఎమ్మెస్సీ చేస్తూ 2021లో స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేశాడు. ఒకే రోజు రెండు ఓట్లు వేశానని చెప్పడంతో ఆ దామాషా పద్ధతి (ఓట్ల నిష్పత్తిలో సీట్లు దక్కే పద్ధతి) గురించి చదవడం మొదలుపెట్టాను. ప్రాజెక్టు దాని మీదే చేసి, ఎన్నికల పరిశోధనలో స్థిరపడాలని ఉంది. నాన్నగారు మాత్రం ఇవన్నీ కూడు పెట్టవని, గ్రూప్స్‌కు సిద్ధం కమ్మని అంటున్నారు. ఈ దారిలో భవిష్యత్తు ఉందా?

జవాబు: స్కాట్లాండ్ ఎన్నికల నిపుణులు కావాలని మన దేశంలో ఏ సంస్థా ప్రకటన ఇవ్వదు కనుక, మీ నాన్నగారి సందేహం నిరాధారమైనది కాదు. అయితే ఓట్లు సీట్లుగా ఎలా మారతాయో కాగితం మీద లెక్కగట్టి చూపగలిగి, వేల వరుసల ఫలితాల పట్టికను తడబడకుండా విశ్లేషించగలిగినవారికి పని దొరుకుతుంది. రాజనీతి శాస్త్రం చదివినవారిలో అంకెలంటే వెనుకంజ వేసేవారే ఎక్కువ. మీరు గణితం నుంచి ఇటు వచ్చారు కనుక, మీ అసలు పెట్టుబడి స్కాట్లాండ్ మీద ఆసక్తి కాదు, ఆ గణితమే.

మీ అన్నయ్య చెప్పినది నిజమే. చెల్లుబాటయ్యే వీసాతో అక్కడ నివసిస్తున్న భారతీయులు కామన్వెల్త్ దేశ పౌరులుగా ఓటరు జాబితాలో పేరు నమోదు చేయించుకోవచ్చు. 2020లో వచ్చిన చట్టం ఈ హక్కును అక్కడ చట్టబద్ధంగా నివసించే ఇతర విదేశీయులకు కూడా ఇచ్చింది. స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో 16 ఏళ్లు నిండినవారు కూడా ఓటర్లే.

రెండు ఓట్ల సంగతికి వస్తే, 1997 సెప్టెంబరు 11న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ తరువాత ఏర్పడి, 1999 మే 6న తొలి ఎన్నికలు జరుపుకొన్న ఆ పార్లమెంటులో 129 స్థానాలు ఉన్నాయి. వీటిలో 73 నియోజకవర్గ స్థానాలు. వీటికి మన శాసనసభ ఎన్నికల్లాగే ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే గెలుస్తారు. మిగిలిన 56 స్థానాలను ఎనిమిది ప్రాంతాలకు, ప్రాంతానికి ఏడు చొప్పున కేటాయించారు. రెండో ఓటు వ్యక్తికి కాక పార్టీ ఇచ్చే అభ్యర్థుల జాబితాకు పడుతుంది. మొదటి ఓటుకు లేత ఊదారంగు పత్రం, రెండో ఓటుకు లేత నారింజ రంగు పత్రం ఇస్తారు. నియోజకవర్గాల్లో ఓట్లకు, సీట్లకు మధ్య పొంతన తప్పితే, దానిని జాబితా స్థానాలతో వీలైనంత వరకు సరిచేయడం ఈ పద్ధతి ఉద్దేశం. ఉదాహరణకు 1999లో కన్సర్వేటివ్ పార్టీ ఒక్క నియోజకవర్గంలో కూడా గెలవలేదు. ఆ పార్టీకి వచ్చిన 18 స్థానాలూ జాబితాల నుంచి వచ్చినవే.

సర్దుబాటుకు వాడే సూత్రం బెల్జియం దేశస్థుడైన విక్టర్ డీహాంట్ పేరు మీద ఉంది. ఒక పార్టీకి ఆ ప్రాంతంలో వచ్చిన జాబితా ఓట్లను, అప్పటికే ఆ పార్టీ అక్కడ గెలిచిన స్థానాల సంఖ్యకు ఒకటి కలిపి, ఆ మొత్తంతో భాగించాలి. ఏ పార్టీ భాగఫలం పెద్దదైతే ఆ విడతలోని స్థానం ఆ పార్టీకి వెళుతుంది. ఆ పార్టీ భాజకాన్ని ఒకటి పెంచి మళ్లీ పోల్చాలి. ఇలా ఏడు విడతలు. చదవడానికి రెండు నిమిషాలు పట్టే ఈ సూత్రం ఒక్కసారి చేతితో చేసి చూస్తే తప్ప వంటబట్టదు కనుక, మీ అన్నయ్య ఓటు వేసిన గ్లాస్గో ప్రాంతం లెక్కనే 2021 అంకెలతో చేద్దాం.

ఆ ప్రాంతంలోని తొమ్మిది నియోజకవర్గాలనూ స్కాటిష్ నేషనల్ పార్టీయే గెలుచుకుంది. జాబితా ఓట్లలో ఆ పార్టీకి 1,33,917, లేబర్ పార్టీకి 74,088, కన్సర్వేటివ్ పార్టీకి 37,027, గ్రీన్ పార్టీకి 36,114 వచ్చాయి. నేషనల్ పార్టీ అప్పటికే తొమ్మిది గెలిచింది కనుక దాని ఓట్లను పదితో భాగించాలి. అంటే లెక్కలో దాని బలం 13,392కు పడిపోతుంది. అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న పార్టీకి ఏడు విడతల్లో ఒక్క జాబితా స్థానం కూడా రాకపోవడానికి కారణం ఇదే. తొలి స్థానం లేబర్‌ది. రెండో విడతలో లేబర్ ఓట్లు సగమై 37,044 అవుతాయి. కన్సర్వేటివ్‌ల 37,027 కంటే అది పదిహేడు ఎక్కువ కనుక రెండో స్థానం కూడా లేబర్‌కే వెళుతుంది. మూడోది కన్సర్వేటివ్‌లకు, నాలుగోది గ్రీన్ పార్టీకి, అయిదోది 24,696తో మళ్లీ లేబర్‌కు వస్తాయి. ఆరో విడతలో లేబర్ భాగఫలం 18,522, కన్సర్వేటివ్‌లది 18,513.5. ఎనిమిదిన్నర తేడాతో లేబర్ నాలుగో స్థానం దక్కించుకుంది. చివరిదైన ఏడో స్థానానికి కన్సర్వేటివ్‌ల 18,513.5కు, గ్రీన్ పార్టీ 18,057కు మధ్య పోటీ నడిచి కన్సర్వేటివ్‌లు గెలిచారు. ఆ పార్టీ జాబితా నుంచి గ్లాస్గోలో ఎన్నికైన ఇద్దరిలో భారతీయ మూలాలున్న వైద్యుడు సందేశ్ గుల్హానే ఒకరు.

ఇక్కడ ఆగి ఒక్క తీసివేత చేయండి. గ్రీన్ పార్టీకి ఇంకో 914 ఓట్లు పడి ఉంటే చివరి స్థానం చేతులు మారేది. అదే ఎన్నికల్లో ‘ఇండిపెండెంట్ గ్రీన్ వాయిస్’ అనే మరో పార్టీకి గ్లాస్గోలో రెండు వేలకు పైచిలుకు ఓట్లు వచ్చాయి. పేర్ల పోలిక వల్ల తమ ఓటర్లు పొరబడ్డారని గ్రీన్ పార్టీ ఫిర్యాదు చేసింది. ఆ ఓటర్ల మనసులో ఏముందో లెక్క చెప్పదు కనుక ఆ వాదన నిజమో కాదో మనం తేల్చలేం. అయితే ఏ వాదనను లెక్కతో నిరూపించవచ్చు, దేనిని నిరూపించలేం అన్న తేడాను పట్టుకోగలగడమే ఈ వృత్తిలో జీతం ఇచ్చే నైపుణ్యం.

మన రాష్ట్రానికి వచ్చినా ఇదే జాగ్రత్త కావాలి. 2019లో తెలుగుదేశం పార్టీకి దాదాపు 39 శాతం ఓట్లతో 175లో 23 స్థానాలు వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా దాదాపు 39 శాతమే వచ్చి, 11 స్థానాలతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 2021 స్కాట్లాండ్ ఎన్నికల్లో 40.3 శాతం జాబితా ఓట్లు తెచ్చుకున్న నేషనల్ పార్టీ 129లో 64 స్థానాలు పొంది, సాధారణ మెజారిటీకి ఒక్క స్థానం దూరంలో ఆగింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టగానే, మన దగ్గర డీహాంట్ పద్ధతి ఉంటే ఎవరికెన్ని వచ్చేవో చెప్పేద్దామన్న ఉత్సాహం కలుగుతుంది. మొదటి ఏడాది విద్యార్థులు దాదాపు అందరూ చేసే తప్పు ఇది. పద్ధతి మారితే పొత్తులు మారతాయి, అభ్యర్థులు మారతారు, ఓటరు ఆలోచించే తీరు కూడా మారుతుంది కనుక, పాత ఓట్లను కొత్త సూత్రంలో పోసి తీసిన జవాబు ఊహే అవుతుంది. ప్రాజెక్టు మౌఖిక పరీక్షలో మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న కూడా బహుశా ఇదే కావచ్చు.

ప్రాజెక్టు విషయంలో నా సలహా మీరు అనుకున్నదానికి కొంచెం భిన్నంగా ఉంటుంది. స్కాట్లాండ్ పద్ధతిని వర్ణించి వదిలేసే ప్రాజెక్టులు చాలా వచ్చాయి, మీది ఇంకొకటి అక్కర్లేదు. దామాషా పద్ధతి మనకు పరాయిది కాదు. రాజ్యాంగంలోని 80వ అధికరణ ప్రకారం రాజ్యసభ సభ్యులను శాసనసభ్యులు ఒకే బదిలీ ఓటు (అభ్యర్థులకు 1, 2, 3 అని ప్రాధాన్యత ఇచ్చే ఓటు) ద్వారా దామాషా పద్ధతిలో ఎన్నుకుంటారు. మన శాసనమండలి పట్టభద్రుల ఎన్నికల్లో ఎన్నుకునేది ఒక్కరినే కనుక దానిని దామాషా అనలేం కానీ, అక్కడ కూడా ఓటు వేసేది ప్రాధాన్యత క్రమంలోనే. 2025 ఫిబ్రవరిలో కృష్ణా–గుంటూరు పట్టభద్రుల స్థానానికి పోలింగ్ జరిగినప్పుడు మీ ఇంట్లో పెద్దవారెవరైనా ఊదారంగు స్కెచ్ పెన్నుతో 1, 2, 3 అంకెలు వేసి వచ్చే ఉంటారు. డిగ్రీ పూర్తయి మూడేళ్లు కానందువల్ల మీకు ఆ అవకాశం వచ్చి ఉండదు. అంకెకు బదులు టిక్కు పెట్టినా, సంతకం చేసినా ఆ ఓటు చెల్లదు. చదువుకున్నవారి ఎన్నికలోనే చెల్లని ఓట్లు కట్టలు కట్టలుగా పక్కకు పోతుంటాయని లెక్కింపు బల్లల దగ్గర కూర్చున్న ఏ ఉద్యోగిని అడిగినా చెబుతారు.

స్కాట్లాండ్‌లో కూడా ఇదే జరిగింది. 2007లో రెండు ఓట్లను ఒకే కాగితంపై ముద్రించారు. అదే రోజు స్థానిక సంస్థల ఎన్నికలను తొలిసారిగా ప్రాధాన్యత అంకెల పద్ధతిలో జరిపారు. ఒక కాగితంపై అడ్డుగీతల గుర్తు, ఇంకో కాగితంపై అంకెలు వేయవలసి రావడంతో ఓటర్లు తికమకపడి, 1,40,000కు పైగా పత్రాలు చెల్లకుండా పోయాయి. ఆ తరువాత విచారణ జరిపించి, పత్రాలను విడదీశారు, ఎన్నికల రోజులను కూడా వేరు చేశారు. ఓటు పత్రం రూపానికి, చెల్లని ఓట్లకు ఉన్న సంబంధాన్ని అక్కడి 2007 అనుభవంతో, ఇక్కడి మండలి ఎన్నికలతో పోల్చి చూసే ప్రాజెక్టును మీరు గుంటూరు వదలకుండానే చేయవచ్చు. స్కాట్లాండ్ వివరాలు అధికారిక నివేదికల్లో దొరుకుతాయి, మండలి ఎన్నికల వివరాలకు కలెక్టరేట్‌కు దరఖాస్తు పెట్టుకుంటే చాలు. శాసనసభ ఎన్నికల పోలింగ్ కేంద్రాలవారీ ఫలితాలు కావాలంటే ప్రధాన ఎన్నికల అధికారి ప్రచురించే ఫారం 20 ఉండనే ఉంది. అయితే వీటిలో చాలా భాగం స్కాన్ చేసిన కాగితాలే కనుక, వాటిని పట్టికగా మార్చడంలోనే సగం సెలవులు గడిచిపోతాయని ముందే అనుకోండి.

ఉపాధి మార్గాల్లో అధ్యాపక వృత్తి తెలిసిన దారే. ఏటా రెండుసార్లు జరిగే యూజీసీ నెట్ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన భృతి) వస్తే పీహెచ్‌డీ తొలి రెండేళ్లు నెలకు రూ.37,000 అందుతుంది. ఢిల్లీలోని లోక్‌నీతి సంస్థ ఎన్నికల సర్వేలకు రాష్ట్రాల్లో విద్యార్థులను క్షేత్ర పరిశోధకులుగా తీసుకుంటుంది. డబ్బు తక్కువైనా, ప్రశ్నావళి పట్టుకుని ఊళ్లు తిరిగిన పది రోజులు మీకు ఏ పాఠ్యపుస్తకం నేర్పనిది నేర్పుతాయి. చట్టసభల పనితీరును అధ్యయనం చేసే పీఆర్ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్‌లో 25 ఏళ్లలోపు పట్టభద్రులు ఒక ఎంపీ దగ్గర శాసన పరిశోధన చేస్తారు. వార్తాసంస్థల డేటా విభాగాలు కూడా మీవంటివారిని వెతుకుతుంటాయి. పార్టీలకు సలహాలిచ్చే సంస్థల విషయంలో మాత్రం జాగ్రత్త. ఎన్నికల ముందు ఏడాది అవి ఇచ్చే జీతాలు ఆశ పుట్టిస్తాయి కానీ, ఫలితాలు వచ్చిన వారానికే చేతిలో బ్యాగుతో ఇంటికి వచ్చిన విద్యార్థులు నా దగ్గర కూర్చున్నారు. చేరదలచుకుంటే ఒప్పందం ఎన్ని నెలలకో రాతపూర్వకంగా తీసుకోండి.

విదేశీ విద్య ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. ఎన్నికల అధ్యయనానికి గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయానికి మంచి పేరుంది, బ్రిటన్ ఎగ్జిట్ పోల్ అనగానే గుర్తొచ్చే ఆచార్యుడు జాన్ కర్టిస్ అక్కడివారే. కానీ అప్పు చేసి ఏడాది పీజీకి వెళితే, చదువు తరువాత అక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే రెండేళ్ల గడువును 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలకు తగ్గిస్తున్నారు. ఆ లోపు ఈ రంగంలో ఉద్యోగం దొరకడం కష్టం. పూర్తి ఖర్చు భరించే బ్రిటన్ ప్రభుత్వ చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు సుమారు రెండేళ్ల పని అనుభవం కావాలి కనుక, ఇక్కడ రెండేళ్లు పనిచేసి వెళ్లడమే మేలు.

మీ నాన్నగారితో వాదనకు దిగవద్దు. గ్రూప్స్‌లో రాజ్యాంగం, పాలన పెద్ద భాగమే కనుక, ప్రాజెక్టు కోసం మీరు చదివే ఎన్నికల చట్టాలు, 170వ నివేదికలో లా కమిషన్ 1999లో చేసిన జాబితా స్థానాల సిఫార్సు అక్కడ కూడా పనికొస్తాయి. పీజీ అయ్యాక ఒక ఏడాదిని నెట్‌కు, గ్రూప్స్‌కు కలిపి కేటాయిస్తానని ఆయనకు తేదీతో సహా చెప్పండి. ఈ సెలవుల్లో మాత్రం గణాంకాల విశ్లేషణకు వాడే ‘ఆర్’ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టి, పైన చెప్పిన గ్లాస్గో లెక్కను మొదట కాగితం మీద, తరువాత కంప్యూటర్‌లో చేయండి. ఆ ఏడు స్థానాలు రెండుచోట్లా ఒకే వరుసలో వచ్చిన రోజున మిగిలిన ఏడు ప్రాంతాల అంకెలు కూడా తీసుకోండి.