కత్తెర కాసేపు దాచిపెట్టు

అమ్మడూ,

కొత్త జీన్స్ మడమల కింద పడి నలుగుతోందనీ, ఈ ఆదివారం కత్తిరించి కుట్టేస్తాననీ రాశావు. కుట్టు, తప్పకుండా కుట్టు. కత్తెర మాత్రం కాసేపు దాచిపెట్టు. నేను చెప్పే పద్ధతిలో దానితో పనే పడకపోవచ్చు.

ముందు ఆ జీన్స్‌ని ఒకసారి ఉతికి, పూర్తిగా ఆరబెట్టు. నూలు బట్ట తొలి ఉతుకుల్లో కుంచించుకుపోతుంది. మిల్లులోనే కుదించి పంపిన డెనిమ్ (జీన్స్ బట్ట) కూడా 1 నుంచి 3 శాతం దాకా కుంచించుకుపోవచ్చు. 75 సెంటీమీటర్ల కాలికి 3 శాతమంటే రెండు సెంటీమీటర్ల పైమాటే. ఉతక్కుండా కుట్టావంటే ఆ తేడా చీలమండ దగ్గర కనిపిస్తుంది.

కొలత నీకు నువ్వు తీసుకోకు. వంగగానే ప్యాంటు పైకి లాక్కుంటుంది, లెక్క తప్పుతుంది. దాని మీద వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని నిటారుగా నిలబడు, కావలసిన పొడవు దగ్గర ఇంకొకరిని గుండుసూదులతో గుర్తు పెట్టమను. రెండు కాళ్లకీ విడివిడిగా చూడండి, చాలామందికి కాస్త తేడా ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. జీన్స్ కింది పట్టీ మీద కుట్టు వెంట వెలిసిన మెలికల గీతలు ఉంటాయి చూడు, అవి వాడకంలోనూ ఉతుకులోనూ వచ్చినవి. ఇంట్లో కొత్తగా వేసిన పట్టీకి ఆ కళ రాదు. అందుకే పాత పట్టీనే ఉంచుకుందాం. పట్టీని బయటివైపుకి, పైకి మడువు. నీకు 6 సెంటీమీటర్లు తగ్గాలంటే, పట్టీ పాత కుట్టు ఉన్న అంచు నుంచి కింది మడత దాకా 3 సెంటీమీటర్లే ఉండాలి. అందరూ తికమకపడేది ఇక్కడే. బట్ట రెండు పొరలుగా మడతలోకి పోతుంది కాబట్టి సగమే కొలవాలి. పట్టీని ఆ కొలతలో కలుపుకోకు. ఆ అంచుని ఆనుకుని, పట్టీ మీదికి ఎక్కకుండా చుట్టూ కుట్టు వేసి, పట్టీని కిందికి దించు. మిగులు బట్ట లోపలికి పోతుంది. దాన్ని పైకి పెట్టి గట్టిగా ఇస్త్రీ చెయ్యి. ఈ కుట్టుకి బట్ట రంగులో ముదురు నీలం దారం వాడు, అతుకు దాదాపు కనిపించదు. లోపలి మడత కొయ్యకపోతే, ఎప్పుడైనా కుట్టు విప్పి పొడవు పెంచుకోవచ్చు. ఎదిగే పిల్లల ప్యాంట్లకైతే నేను అసలు కొయ్యనివ్వను.

కిందికి బాగా సన్నబడే కాలైతే పట్టీ చుట్టుకొలత సరిపోదు. కొద్ది తేడా అయితే సాగదీసి సర్దుకోవచ్చు. ఎక్కువైతే కొయ్యక తప్పదు. అప్పుడు గుర్తు కింద రెండున్నర సెంటీమీటర్లు వదిలి కోసి, సగానికి సగం రెండు మడతలు వేసి, పైకి కనిపించే బంగారు రంగు దారంతో కుట్టు.

మిషన్‌కి 100/16 సైజు జీన్స్ సూది వెయ్యి. జాకెట్లు కుట్టే సన్న సూది ఇక్కడ విరిగిపోతుంది. కుట్టు పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు పెట్టు. పక్క అతుకుల దగ్గర పొరలు దిమ్మలా ఉంటాయి. అక్కడ గుడ్డ కప్పి సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే అణుగుతాయి. మిషన్ పాదం వెనక్కి ఒరిగిపోతే దాని వెనకవైపు కింద డెనిమ్ ముక్క మడిచి పెట్టు, పాదం సమంగా నిలుస్తుంది. ఆ నాలుగు కుట్లూ చక్రం చేత్తో తిప్పుతూ వెయ్యి. మిషన్ లేకపోతే చేతి సూది చాలు. ప్రతి కుట్టుకీ కాస్త వెనక్కి వెళ్లి ముందుకు రా. వేళ్లు నొప్పెడతాయి, అంతే.

మడతపెట్టి వేసుకోవాలని ఉందన్నావు కదా, అలాగైతే కుట్టకముందే ఆలోచించు. 3 సెంటీమీటర్ల ఒంటి మడతకి 3, రెండుసార్లు చుడితే 6 సెంటీమీటర్లు అదనంగా ఉంచాలి. డెనిమ్‌లో పడుగు (నిలువు దారం) నీలం, పేక (అడ్డ దారం) తెలుపు. అందుకే మడతలో లోపలివైపు లేతగా కనిపిస్తుంది. మనలాంటి పొట్టివాళ్లకి వెడల్పు మడత కాలుని ఇంకా కురచ చేస్తుంది, 3 సెంటీమీటర్లు దాటనివ్వకు. జారకుండా పక్క అతుకుల దగ్గర లోపలినుంచి రెండేసి కుట్లు వేస్తే చాలు. ఉతికే ముందు మాత్రం విప్పు, లేకపోతే మడత గీత వెలిసిపోయి అలాగే ఉండిపోతుంది.

ఒక కాలు కుట్టాక వేసుకుని నడిచి చూడు, రెండోది తర్వాతే. దారం రంగు తేల్చుకోలేకపోతే పగటి వెలుతురులో పట్టీ ఫోటో తీసి పంపు.

నీ పెద్దమ్మ