జాబితాను కింది నుంచి చదివాను

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. మంచుకొండల్లో స్కీయింగ్‌కూ, రాక్ క్లైంబింగ్‌కూ నువ్వు కొనదలచిన సామాన్ల జాబితా అందింది. దాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి నువ్వు రాసిన వరుసలో, రెండోసారి కింది నుంచి పైకి. అన్నింటికంటే పైన స్కీలు రంగుతో సహా ఉన్నాయి. తర్వాత జాకెట్, కళ్లజోడు, క్లైంబింగ్ షూలు, తాడు. అట్టడుగున మాత్రం ‘బీకన్, ప్రోబ్, పార: ఎవరినైనా అడిగి తీసుకోవచ్చు’ అని ఉంది. మంచు కింద పూడినవారిని రేడియో సంకేతంతో వెతికే పరికరం బీకన్, వాళ్లను తాకి చూడటానికి మంచులో గుచ్చే పొడవాటి కడ్డీ ప్రోబ్. నాకున్న అభ్యంతరమంతా ఆ వరుస మీదే. ఏ వస్తువు పనిచేయకపోతే మనిషి ఇంటికి తిరిగి రాడో దాన్ని ముందు కొనాలి, దాన్నే ఎక్కువగా సాధన చేయాలి. ఏది లేకపోతే సరదా మాత్రమే తగ్గుతుందో దాన్ని ఆఖరున కొనుక్కోవచ్చు. నలభై ఏళ్లుగా నేను పట్టుకున్న లెక్క ఇదొక్కటే. అందుకే నా జవాబును కూడా కింది నుంచే మొదలుపెడుతున్నాను.

లిఫ్టులుండే స్కీ మైదానంలో వాలులను ఎవరో ఒకరు పరీక్షిస్తారు, ప్రమాదముంటే మూసేస్తారు, పడిపోతే వచ్చి లేవదీస్తారు. లిఫ్టులూ కాపలా లేని బయటి కొండల్లో, అంటే బ్యాక్‌కంట్రీలో, ఆ పనులన్నీ నీతో వచ్చినవాళ్లవే. మంచుచరియ కింద పూడిపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల్లో బాగానే ఉంటుంది, ఆ తర్వాత వేగంగా పడిపోతుంది. ఆ వ్యవధిలో బయటి నుంచి సహాయం అందడం అరుదు. కనుక నీ బీకన్ నీకంటే నీ తోటివాళ్లకు, వాళ్ల బీకన్లు నీకు ముఖ్యమని గుర్తుంచుకో. ఇది అరువు తెచ్చుకునే వస్తువు కాదు. తెలియని బీకన్ మీద మీటలు ఎక్కడున్నాయో వెతుక్కునే తీరిక అప్పుడు ఎవరికీ ఉండదు.

ఇప్పటి బీకన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఏ తయారీదారుది కొన్నా తక్కినవాటితో కలుస్తుంది. మూడు యాంటెనాలున్న డిజిటల్ బీకన్‌నే తీసుకో. ఒకరికంటే ఎక్కువమంది పూడిపోయినప్పుడు, దొరికినవారి సంకేతాన్ని పక్కనపెట్టి తర్వాతివారిని వెతికే సౌకర్యం కూడా అందులో ఉండాలి. పాతకాలపు ఒంటి యాంటెనా బీకన్‌ను ఎవరైనా ఉచితంగా ఇచ్చినా వద్దను. బీకన్‌ను సంచిలో కాకుండా ఒంటికి, పై జాకెట్ లోపల, దాని పట్టీలతోనే బిగించుకోవాలి. ఫోన్ వంటి ఎలక్ట్రానిక్ వస్తువులను, బ్యాటరీతో వేడెక్కే చేతి తొడుగులను సంకేతం పంపే సమయంలో కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికే సమయంలో కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. తయారీదారు వేరుగా చెబితే తప్ప ఆల్కలైన్ సెల్సే వాడు. రీఛార్జ్ సెల్స్‌లో మిగిలిన శక్తిని బీకన్ సరిగ్గా చూపించలేదు, అవి చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక వేసవి అంతా సెల్స్ తీయకుండానే బీకన్‌ను అటకమీద పెట్టేశాను. శీతాకాలంలో తెల్లవారుజామున, బయలుదేరే చోట ఒక్కొక్కరి బీకన్‌ను పరీక్షిస్తుండగా నాది పలకలేదు. మూత తీస్తే స్ప్రింగుల చుట్టూ పచ్చగా, తెల్లగా పొడి పేరుకుని ఉంది, గోటితో గీకితే రాలింది. ఆరుగురం అక్కణ్నుంచే వెనక్కి తిరిగాం. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా గుర్తుంది.

ప్రోబ్ 240 సెంటీమీటర్లకు తగ్గకూడదు, మంచు లోతుగా పడే చోట్లకైతే మూడు మీటర్ల దగ్గరిది తీసుకో. పారకు లోహపు రేకే ఉండాలి. జారినంతసేపూ నీటిలా పారిన మంచు ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుంటుంది, ప్లాస్టిక్ రేకు దాన్ని తాకగానే వంగుతుంది లేదా విరుగుతుంది. పిడి పొడవు పెంచుకునే పార అయితే నడుముకు మేలు. వెతకడం కంటే తవ్వడానికే ఎక్కువ సమయం పడుతుందన్న సంగతి చాలామంది సాధన చేసేదాకా నమ్మరు. బీకన్ అతి తక్కువ దూరం చూపించిన చోట మొదలుపెట్టి, ప్రోబ్‌ను మంచు ఉపరితలానికి నిటారుగా, 25 సెంటీమీటర్ల ఎడంతో, చుట్లు చుట్లుగా బయటికి గుచ్చుకుంటూ పోవాలి. మెత్తగా ఏదైనా తగిలితే ప్రోబ్‌ను పీకకుండా అక్కడే ఉంచి, దానికి దిగువవైపు నుంచి వాలులోకి తవ్వుకుంటూ వెళ్లాలి. పైనే నిలబడి తవ్వితే మన బరువంతా కింద ఉన్నవారి ఊపిరి మీద పడుతుంది.

చరియలో చిక్కినప్పుడు గాలితో ఉబ్బే ఎయిర్‌బ్యాగ్ సంచి మంచిదే. కదిలే మంచులో మనిషిని పైకి తేల్చే అవకాశాన్ని పెంచుతుంది. అయితే చెట్టుకు కొట్టుకోకుండానో, లోయలో పడకుండానో కాపాడలేదు కాబట్టి మొదటి ఏడాదికి అది లేకపోయినా ఫరవాలేదు. దానికి బదులు వాలు కోణం కొలిచే చిన్న పరికరం ఒకటి కొని జేబులో వేసుకో. మంచు పొర పలకలా విరిగి జారే ప్రాణాంతకమైన చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే కదులుతాయి. 28 డిగ్రీలకూ 34 డిగ్రీలకూ తేడాను కంటితో పట్టగలనని నేను ఇప్పటికీ అనుకోను.

ఇక స్కీల సంగతి. స్కీల కంటే ముందు బూట్లు ఎంచుకోవాలి. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ వెళ్లి, లోపలి మెత్తని పొరను బయటికి తీసి, ఖాళీ డిప్పలో కాలు పెట్టి, వేళ్లు ముందు అంచుకు తాకేలా నిలబడు. మడమ వెనుక ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల మధ్య ఖాళీ ఉంటే కొలత సరిపోయినట్లే. తర్వాత పొరతో సహా తొడుక్కుని అరగంట అక్కడే పచార్లు చెయ్యి. ఎక్కేటప్పుడు మడమ కొద్దిగా కదిలినా మధ్యాహ్నానికి బొబ్బ వస్తుంది. బొబ్బ ఎక్కిన కాలితో దిగుడులో ఎవరూ సరిగ్గా నిర్ణయాలు తీసుకోలేరు.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ విషయంలో కొంచెం ఆగాలి. ఇప్పుడు ఎక్కువమంది వాడే పిన్ బైండింగ్‌లో, బూటు ముందు కొసకు రెండు పక్కలా ఉండే చిన్న లోహపు గుంటల్లోకి రెండు పిన్నులు దూరి పట్టుకుంటాయి. ఆ గుంటలు పెసరగింజంత ఉంటాయేమో. నడుస్తూ వచ్చినప్పుడు వాటిలో మంచు దూరి గడ్డకడుతుంది. పిన్ను ఆ మంచు మీద ఆగి, టక్కుమని శబ్దం కూడా చేసి, పట్టుకున్నట్లే కనిపిస్తుంది. మొదటి మలుపులో స్కీ ఊడిపోతుంది. అందుకని ప్రతిసారీ గుంటలను ఒక చిన్న మొన ఉన్న వస్తువుతో గీకి, పిన్నుల్లో పెట్టాక కాలిని ఎన్నోసార్లు పైకీ కిందకీ ఊపి, ఆ తర్వాతే బూటు ముందు కొస దగ్గరుండే మీటను బిగించు. ఎక్కేటప్పుడు ఆ మీటను బిగిస్తే స్కీ ఊడదన్న మాట నిజమే. చరియ వచ్చినప్పుడు కూడా ఊడదు, స్కీలు లంగరులా మనిషిని కిందికి లాగుతాయి. కనుక అనుమానమున్న వాలు దాటేటప్పుడు బిగించాలా వద్దా అన్నది ప్రతిసారీ ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయం. దిగే ముందు మాత్రం దాన్ని తప్పకుండా విడిచిపెట్టాలి. పడినప్పుడు ఎంత బలానికి బైండింగ్ బూటును వదలాలో చెప్పే విడుదల విలువను నీ బరువు, ఎత్తు, వయస్సు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం చూసి శిక్షణ పొందినవారే అమర్చాలి. పౌరుషానికి పోయి దాన్ని పెంచుకున్నవాళ్ల మోకాళ్లను నేను చూశాను.

స్కీలు మధ్య వెడల్పు 85 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్యలో, మరీ తేలికవి కానివి ఏవైనా సరే. నీకు నచ్చిన రంగే తీసుకో. ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా వాటి అడుగున అంటించుకునే పట్టీలైన స్కిన్లు నైలానువైతే పట్టు బాగుంటుంది, ఎక్కువకాలం మన్నుతాయి. మోహేరు అనే మేక బొచ్చువైతే తేలిగ్గా జారుతాయి. కొత్తవారికి నైలానుగానీ రెండూ కలిసినవిగానీ మంచివి. అడుగంతా కప్పి, లోహపు అంచులు మాత్రం బయటికి కనిపించేలా కత్తిరించాలి. శిఖరం మీద ఊడదీసిన స్కిన్లను సంచిలో కాక జాకెట్ లోపల పెట్టుకో, చలికి జిగురు చచ్చిపోకుండా ఉంటుంది. ఇంటికి వచ్చాక నీడలో ఆరబెట్టు, హీటరు దగ్గర కాదు.

రాక్ క్లైంబింగ్‌కు వచ్చేసరికి, నీ జాబితాలో ఒకే ఒక్క హెల్మెట్ రాసి, స్కీయింగ్‌కూ దీనికీ అదే వాడతానన్నావు. స్కీ హెల్మెట్‌కు ఈఎన్ 1077, క్లైంబింగ్ హెల్మెట్‌కు ఈఎన్ 12492 అని వేర్వేరు యూరోపియన్ ప్రమాణాలు ఉన్నాయి. రెండోది పైనుంచి పడే రాళ్లను దృష్టిలో పెట్టుకున్నది. రెండు ముద్రలూ ఉన్న హెల్మెట్ దొరికితే సరే, లేకపోతే రెండు కొనాలి.

తాడు సాగే రకమే కావాలి. సాగని తాడు మీద పడితే ఆ దెబ్బను మన వెన్ను మోస్తుంది. అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య యూఐఏఏ, యూరోపియన్ ప్రమాణాల ప్రకారం ఒంటి తాడును పరీక్షించేటప్పుడు 80 కిలోల బరువును, తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లకు పైబడిన ఎత్తు నుంచి పడవేస్తారు. తాడు కనీసం ఐదు పతనాలకు తెగకుండా నిలవాలి, మొదటి పతనంలో కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు వేలాడినంత. ఆ పరీక్ష చాలా కఠినమైనది కాబట్టి ఐదుసార్లు పడగానే తాడు పారేయాలని అర్థం కాదు. మొదటి తాడుగా 9.5 నుంచి 10 మిల్లీమీటర్ల మందంతో, 60 లేదా 70 మీటర్ల పొడవుది తీసుకో. ప్రతి రోజు చివర దాన్ని వేళ్ల మధ్య నుంచి మొత్తం జారవిడుస్తూ చుట్టాలి. ఎక్కడైనా మెత్తగానో, చదునుగానో తగిలితే అక్కడ లోపలి పోగులు దెబ్బతిన్నట్లు. బ్యాటరీ ఆమ్లం తగిలిన తాడు మాత్రం కంటికీ వేలికీ బాగానే అనిపిస్తుంది, పడినప్పుడే తెగుతుంది. కారు వెనుక డిక్కీలో బ్యాటరీ పక్కన తాడు పెట్టకు.

తాడు కొసకు ముడి వేయకపోవడం నా రెండో తప్పు. పైనున్న స్నేహితుణ్ని దింపుతూ కబుర్లలో పడ్డాను. పక్కనున్నవారు అరిచేసరికి నా చేతి కింద మిగిలినది ఒక్క మూర. అదృష్టవశాత్తు అతని కాలికి రాతి అంచు అందింది. ఆనాటి నుంచి తాడు సంచి విప్పగానే నేను చేసే మొదటి పని కొసకు ముడి వేయడం.

గేటు తెరిచి తాడు తగిలించే లోహపు కొక్కేన్ని కారబైనర్ అంటారు, దాని వెన్ను మీద ఉండే అంకెలు చదవడం నేర్చుకో. నిలువునా కనీసం 20 కిలోన్యూటన్లు మోసే వస్తువు, గేటు తెరుచుకున్నా, అడ్డంగా తిరిగినా అందులో మూడోవంతు మాత్రమే మోయవచ్చు. రెండు కారబైనర్లను స్లింగ్ అనే నాడాతో కలిపిన క్విక్‌డ్రాలో కారబైనర్‌ను కదలకుండా పట్టుకునే చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. కారబైనర్ స్లింగ్ లూపు గుండానే పోవాలి, రబ్బరు గుండా మాత్రమే కాదు. ఫ్రాన్స్‌లోని ఓర్పియేర్‌లో 2013లో ఒక పన్నెండేళ్ల బాలుడు ఇలా తప్పుగా కూర్చిన క్విక్‌డ్రాలు ఊడి పడి చనిపోయాడు. బయటి నుంచి చూస్తే అవి సరిగ్గానే కనిపిస్తాయి. నీవి వచ్చాక ఒక్కొక్కదాన్నీ రబ్బరు తప్పించి చూడు.

తాడు కట్టుకోవడానికి నడుముకూ తొడలకూ తొడుక్కునే హార్నెస్‌ను వాడినదిగా ఎప్పుడూ కొనకు. అమెరికాలో యోసెమిటీలోని ఎల్ క్యాపిటన్ అనే రాతికొండ మీది సలాథే గోడను 1988లో తోటివాడితో కలిసి ఫ్రీ క్లైంబింగ్ పద్ధతిలో, అంటే తాడును పడితే ఆపడానికే తప్ప ఎక్కడానికి వాడకుండా ఎక్కిన టాడ్ స్కినర్ 2006లో యోసెమిటీలో తాడు మీద దిగుతుండగా, హార్నెస్ ముందుండే బిలే లూపు అరిగి తెగి మరణించాడు. అంతటి అనుభవజ్ఞుడిని మోసిన లూపు కూడా అంతే. పోగులు లేచినా, రంగు వెలిసి బిరుసెక్కినా, కుట్లు విడినా దాన్ని కోసి పారేయాలి. ఉట్టినే పారేస్తే ఇంకెవరో ఏరుకుంటారు.

షూలు బిగుతుగా, వేళ్లు ముందుకు తాకేలా ఉంటే చాలు, కన్నీళ్లు రానక్కర్లేదు. ఒకటిన్నర సైజు చిన్నవి కొని రెండు గోళ్లు పోగొట్టుకున్న మామయ్య మాట విను. ఎక్కేవారి తాడును పట్టి ఆపే బిలే పరికరం నీ తాడు మందానికి సరిపడేదే కావాలి. దానంతట అదే పట్టే రకమైనా బ్రేకు చేతిని తాడు మీద నుంచి తీయకూడదు. పగుళ్లలో ఇరికించే కామ్‌లు, నట్లు ఈ ఏడాది కొనవద్దు. నేను పెట్టినవాటిని వెనుక వస్తూ ఒక్కొక్కటే పీకి చూస్తే, ఏది ఎందుకు నిలిచిందో నీ చేతికే తెలుస్తుంది.

జాబితాను తిరగరాసి పంపు. బీకన్ వచ్చాక దానితో ఇచ్చిన సూచనల పుస్తకం చదివి రా. మొదటి రోజు స్కీలు సంచిలోంచి తీయబోవడం లేదు. నా బీకన్‌ను ఒక గోనెసంచిలో చుట్టి మంచులో ఎక్కడో పాతిపెడతాను. మందపు చేతి తొడుగులు తీయకుండా నువ్వు వెతికి తవ్వాలి, గడియారం నా చేతిలో ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య