ప్రశ్నలు–జవాబులు: ఎన్నికల్లో ‘విదేశీ హస్తం’

ప్రశ్న: 2016లో ట్రంప్ గెలుపు వెనక రష్యా ఉందని కొందరు, అదంతా కట్టుకథని కొందరు. ఇన్నేళ్లయినా ఈ గొడవ తేలదేం?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తేలినవాటినీ తేలనివాటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు కాబట్టి. రష్యా జోక్యం చేసుకుందా? ట్రంప్ ప్రచార బృందం వాళ్లతో కుమ్మక్కైందా? ఫలితం అందువల్లే తారుమారైందా? ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు అవును. రెండోది రుజువు కాలేదు. మూడోదాన్ని తూచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. టీవీ చర్చలో ఒకాయన మొదటి ప్రశ్నకు జవాబు చెబుతుంటే, ఎదుటాయన రెండోదానికి చెబుతుంటాడు. ఇక తేలేదెప్పుడు?

మొదటిదానికి ఆధారాలు గట్టివే. ఈ వ్యవహారాన్ని దర్యాప్తు చేసిన స్పెషల్ కౌన్సెల్ రాబర్ట్ ముల్లర్ 2018 ఫిబ్రవరిలో 13 మంది రష్యన్ల మీద, 3 సంస్థల మీద అభియోగాలు మోపారు. వాటిలో ముఖ్యమైనది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దొంగ ఖాతాలు నడిపిన ‘ఇంటర్నెట్ రీసెర్చ్ ఏజెన్సీ’. 2016 సెప్టెంబరు నాటికి ఆ ప్రాజెక్టు బడ్జెట్టు నెలకు 12.5 లక్షల డాలర్లు దాటిందని అభియోగపత్రం చెబుతుంది. అయితే అందులో రష్యాలోనూ ఇతర దేశాల్లోనూ చేసిన పని ఖర్చు కూడా కలిసే ఉంది. ఈ ముక్క వదిలేసి అంకె మాత్రం చెప్పేవాళ్లే ఎక్కువ. 2018 జూలైలో రష్యా సైనిక గూఢచారి సంస్థ జీఆర్‌యూ అధికారులు 12 మంది మీద హ్యాకింగ్ కేసు పెట్టారు. రిపబ్లికన్ల అధ్యక్షతన నడిచిన సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ కూడా రష్యా జోక్యం నిజమేనని తేల్చింది.

ఒక లోటు మాత్రం ఉంది. నిందితులైన రష్యన్లెవరూ అమెరికా కోర్టు మెట్లెక్కలేదు. లాయర్లను పంపిన ఒకే ఒక్క కంపెనీ కాంకర్డ్ మీద కేసును 2020 మార్చిలో ప్రభుత్వమే వదులుకుంది. కాబట్టి సాక్ష్యాలు క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడ్డాయా అంటే, ఆ అవకాశమే రాలేదు. ఆ కంపెనీ వెనకున్న రష్యన్ వ్యాపారి ప్రిగోజిన్ 2022 నవంబరులో ‘జోక్యం చేసుకున్నాం, చేసుకుంటూనే ఉంటాం’ అన్న ధోరణిలో ఒప్పేసుకున్నాడు. కొన్ని నెలల తర్వాత ఆ ఏజెన్సీ పెట్టింది కూడా తానేనన్నాడు.

ప్రశ్న: ఓటింగ్ యంత్రాలను కూడా హ్యాక్ చేశారా?
– ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: ఒక్క ఓటు మారినట్టు కూడా ఆధారం దొరకలేదు. ఇలినాయ్ రాష్ట్ర ఓటర్ల జాబితాలోకి మాత్రం 2016 వేసవిలో రష్యన్ హ్యాకర్లు చొరబడ్డారు. ఎన్ని రికార్డులు పోయాయన్నదానికి జీఆర్‌యూ అధికారుల మీది అభియోగపత్రం సుమారు 5 లక్షలంటుంది, సెనేట్ కమిటీ 2 లక్షల వరకంటుంది. జాబితా చదవడం వేరు, ఓటు మార్చడం వేరు. పోలింగ్ రోజున జాబితాలో పేర్లు గల్లంతు చేస్తే క్యూలో గందరగోళం పుడుతుంది. అసలు భయం అదే. అది జరగలేదు.

ప్రశ్న: అంత పెద్ద పార్టీ ఈమెయిళ్లు అంత తేలిగ్గా ఎలా పోయాయి?
– బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: 2016 మార్చి 19న హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టా జీమెయిల్‌కు ఒక హెచ్చరిక వచ్చింది. ‘ఎవరో మీ పాస్‌వర్డ్‌తో యుక్రెయిన్ నుంచి లాగిన్ కాబోయారు, ఆపేశాం, వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోండి’ అని. కింద బటన్. దాని వెనక బిట్లీతో కుదించిన లింకు. అచ్చం గూగుల్ వాళ్ల హెచ్చరికలాగే ఉంది. సిబ్బందికి అనుమానం వచ్చి ఐటీ కుర్రాణ్ని అడిగారు. అతను ‘ఇది అసలైన మెయిలే, వెంటనే మార్చాలి’ అని రాశాడు. అసలైనది కాదని రాయబోయి పొరపాటున అలా రాశానని తర్వాత చెప్పాడు. అయితే అదే జవాబులో అతను పాస్‌వర్డ్ మార్చుకోవడానికి గూగుల్ అసలు చిరునామా ఇచ్చాడు, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టమనీ చెప్పాడు. దాన్ని వదిలి పాత మెయిల్లోని బటనే నొక్కారు. 50 వేలకు పైగా మెయిళ్లు పోయాయి.

క్లింటన్ పార్టీ అయిన డెమోక్రాటిక్ పార్టీ జాతీయ కమిటీ సర్వర్లది వేరే దారి. పార్టీకే చెందిన మరో కమిటీ ఉద్యోగి పాస్‌వర్డ్ కొట్టేసి అందులోకి దూరారు, అక్కణ్నుంచి జాతీయ కమిటీ నెట్‌వర్క్‌లోకి పాకి, ఎక్స్-ఏజెంట్ అనే మాల్‌వేర్ పెట్టారు. ఆ మెయిళ్లు జూలై 22న, అంటే పార్టీ మహాసభకు సరిగ్గా మూడు రోజుల ముందు వికీలీక్స్‌లో వచ్చాయి. పొడెస్టా మెయిళ్లు అక్టోబరు 7న, ఆడవాళ్ల గురించి ట్రంప్ అసభ్యంగా మాట్లాడిన పాత టేపు బయటపడిన గంటలోపే మొదలయ్యాయి.

మీకు పనికొచ్చే సంగతి: ఇలాంటి మెయిల్ వస్తే అందులోని బటన్ ముట్టుకోకండి. బ్రౌజర్‌లో చిరునామా మీరే టైపు చేసి లోపలికెళ్లి చూడండి. ఎస్ఎమ్ఎస్ ఓటీపీ ఉంది కదా అని ధీమా పడొద్దు. దొంగ పేజీలో మీరు పాస్‌వర్డ్ కొట్టినట్టే ఓటీపీ కూడా టైపు చేసేస్తారు. పాస్‌కీ, సెక్యూరిటీ కీ అలా కాదు, అవి అసలు సైటును తప్ప వేరేదాన్ని గుర్తించవు.

ప్రశ్న: 12.6 కోట్ల మంది అమెరికన్లు రష్యా పోస్టులు చూశారట. అంతకన్నా ఏం కావాలి, ఫలితం మారడానికి?
– రిటైర్డ్ లెక్చరర్, తిరుపతి

జవాబు: ఆ అంకె ఫేస్‌బుక్ చెప్పిందే. కానీ వాళ్లన్నది ‘చూసి ఉండవచ్చు’ అని. అదీ 2015 జనవరి నుంచి 2017 ఆగస్టు దాకా, ఎన్నిక అయిపోయాక తొమ్మిది నెలలు కూడా కలుపుకొని. ప్రకటనల మీద ఎన్నికకు ముందు రష్యన్లు పెట్టింది సుమారు 46 వేల డాలర్లు. ఇద్దరు అభ్యర్థులూ కలిసి ఫేస్‌బుక్‌లోనే పెట్టింది 8.1 కోట్ల డాలర్లు. ట్విటర్ మీద జరిగిన ఒక అధ్యయనం 2023లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది. రష్యా ట్వీట్లు కంటబడిన సందర్భాల్లో 70 శాతం కేవలం 1 శాతం వాడకందార్లవేననీ, అభిప్రాయాల్లో గానీ ఓటులో గానీ చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదనీ అది తేల్చింది.

అలాగని తీసిపారేయలేం. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడు రాష్ట్రాల్లోనూ కలిపి ట్రంప్ ఆధిక్యం 78 వేల ఓట్ల లోపే. అంత స్వల్ప తేడాలో ప్రతి చిన్న కారణమూ ‘నేనే’ అని చెయ్యెత్తుతుంది. దొంగ పోస్టుల కన్నా దొంగిలించిన మెయిళ్ల ప్రభావం ఎక్కువని మా అభిప్రాయం. ఎందుకంటే వాటిని వారాల తరబడి మోసింది దొంగ ఖాతాలు కాదు, అమెరికా మీడియానే.

డబ్బు కన్నా తంత్రం చూడాలంటే హ్యూస్టన్ సంగతి చాలు. 2016 మే 21న అక్కడి ఇస్లామిక్ దావా సెంటర్ ముందు రోడ్డుకు అటొక గుంపు, ఇటొక గుంపు. ఇస్లామీకరణ ఆపాలని ఒకరు, ఇస్లామిక్ విజ్ఞానాన్ని కాపాడాలని మరొకరు. ‘హార్ట్ ఆఫ్ టెక్సస్’, ‘యునైటెడ్ ముస్లిమ్స్ ఆఫ్ అమెరికా’ అనే రెండు పేజీలు పిలిస్తే వచ్చినవాళ్లు. రెండు పేజీలనూ నడిపింది సెయింట్ పీటర్స్‌బర్గ్ ఏజెన్సీయే. ప్రచారానికైన ఖర్చు సుమారు 200 డాలర్లు.

ప్రశ్న: చివరికి ఇదంతా డెమోక్రాట్ల నాటకమని తేలింది కదా?
– వ్యాపారి, నిజామాబాద్

జవాబు: తేలింది వేరు. ట్రంప్ మాజీ సలహాదారు కార్టర్ పేజ్ మీద నిఘాకు ఎఫ్‌బీఐ వేసిన దరఖాస్తుల్లో 17 పెద్ద తప్పులు, దాపరికాలు ఉన్నాయని న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2019 డిసెంబరులో బయటపెట్టారు. ఒక ఎఫ్‌బీఐ లాయరు ఈమెయిల్‌ను దిద్దినట్టు కోర్టులో ఒప్పుకున్నాడు. ఆ దరఖాస్తులకు ఊతమైనవి మాజీ బ్రిటిష్ గూఢచారి క్రిస్టఫర్ స్టీల్ రాసిన పత్రాలు; వాటికి డబ్బు పెట్టింది క్లింటన్ శిబిరమే. ఆ ఖర్చును సరిగా చూపనందుకు క్లింటన్ ప్రచార కమిటీ, పార్టీ జాతీయ కమిటీ జరిమానా కూడా కట్టాయి. ఎఫ్‌బీఐ పూర్తిస్థాయి దర్యాప్తు మొదలుపెట్టిన తీరునే 2023లో మరో స్పెషల్ కౌన్సెల్ జాన్ డర్హమ్ నివేదిక తప్పుపట్టింది. ఇవన్నీ తీవ్రమైన విషయాలే. అయితే ఇవన్నీ మొదట చెప్పిన మూడింటిలో రెండోదానికి, అంటే కుమ్మక్కు ప్రశ్నకు సంబంధించినవి. పొడెస్టా మెయిల్ దొంగతనాన్ని ఇవేవీ చెరపవు.

ప్రశ్న: మన దేశంలో ఓటింగ్ శాతం పెంచడానికి అమెరికా 2.1 కోట్ల డాలర్లు ఇచ్చిందన్నారు. అది ఎవరి జేబులోకి వెళ్లింది?
– ఆటో డ్రైవర్, కాకినాడ

జవాబు: 2025 ఫిబ్రవరి 16న ఎలాన్ మస్క్ నేతృత్వంలో ప్రభుత్వ ఖర్చులు తగ్గించడానికి పెట్టిన డోజ్ విభాగం రద్దు చేసిన గ్రాంట్ల చిట్టాలో ఆ పద్దు కనిపించింది. ఇక్కడ పార్టీలు ఒకదాన్నొకటి వేలెత్తి చూపుకున్నాయి. వారం తిరక్కముందే ఒక జాతీయ దినపత్రిక పాత రికార్డులు తీసి, 2.1 కోట్ల డాలర్ల గ్రాంటు 2022లో మంజూరైంది బంగ్లాదేశ్‌కని రాసింది. 2023–24లో అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌తో కలిసి నడుస్తున్న 7 ప్రాజెక్టుల్లో ఓటింగ్‌కు సంబంధించినది లేదని మన ఆర్థిక శాఖ వార్షిక నివేదికలోనూ ఉంది. ఇలాంటి వార్త చూడగానే అడగాల్సినవి: మంజూరు తేదీ ఏది, ఏ దేశం పేరుంది, అందుకున్న సంస్థ ఏది? ఈ మూడూ లేని అంకెను నలుగురికీ ఫార్వర్డ్ చేయకపోవడం మేలు.

ప్రశ్న: డాలస్‌లో హెచ్1బీ మీద ఉన్నాను. మా ఏరియాలో తెలుగాయన పోటీ చేస్తున్నారు. 100 డాలర్లు విరాళమిస్తే తప్పా? ఊళ్లో మా పార్టీకి పంపవచ్చా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: అక్కడ ఇవ్వకూడదు. పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివారు అధ్యక్ష ఎన్నిక నుంచి స్కూల్ బోర్డు దాకా దేనికీ డబ్బివ్వకూడదు, ఖర్చు పెట్టకూడదు. ప్రచార టీ షర్టు కొన్నా, విందు టికెట్ కొన్నా విరాళం కిందే లెక్క. ‘నా డబ్బు నువ్వు నీ పేరు మీద కట్టు’ అని స్నేహితుడికిస్తే అది ఇంకో నేరం, ఇద్దరికీ చుట్టుకుంటుంది. వర్క్ వీసా మీద ఉన్న ఇద్దరు ఈ నిషేధాన్ని కోర్టులో సవాలు చేస్తే 2012 జనవరిలో సుప్రీంకోర్టు కూడా నిషేధాన్నే సమర్థించింది. జీతం తీసుకోకుండా ఇంటింటికీ తిరగడం, ఫోన్లు చేయడం మాత్రం చేయవచ్చు. డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎవర్ని పెట్టుకోవాలో నిర్ణయించే చర్చల్లో కూర్చోవద్దు.

గ్రీన్‌కార్డు వచ్చాక విరాళమివ్వవచ్చు గానీ ఓటు లేదు. డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో ఓటరు నమోదు గడి దగ్గర చాలామంది చూసుకోకుండా టిక్ పెట్టేస్తారు. తర్వాత పౌరసత్వం దరఖాస్తులో అదే మెడకు చుట్టుకుంటుంది.

ఇక ఊరి సంగతి. మీది ఇంకా భారత పాస్‌పోర్టే కాబట్టి సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. రేపు అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పుచ్చుకున్నారనుకోండి, చట్టం దృష్టిలో మీరు విదేశీయులే. మీ దగ్గర పార్టీ గానీ అభ్యర్థి గానీ రూపాయి తీసుకున్నా విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ఉల్లంఘనే.